దూది షెడ్డులో రెండు పంకాలు

తెల్లవారేసరికి ఎల్లస్వామి రేకుపెట్టె అరుగు మీదికి వచ్చింది.

పెట్టింది ఉప్పలయ్యే. పెట్టి, ఏమీ జరగనట్టు వేపపుల్ల నములుతూ వాకిట్లో నిలబడ్డాడు. వరంగల్ మట్టెవాడ సందులో నీళ్లకు పోతున్న ఆడవాళ్లు పెట్టెను చూసి, అతని ముఖం చూసి, ఏమీ అడగకుండానే దాటిపోయారు.

మొగిలమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. భర్తను దాటుకుని వెళ్లింది. పెట్టె పిడి పట్టుకుని గడప దాకా ఈడ్చింది. అక్కడ దగ్గు అందుకుంది. ఒక చేత్తో ద్వారబంధం పట్టుకుని, రెండో చేత్తో పెట్టెను వదలకుండా, వంగి దగ్గుతూ ఉండిపోయింది.

లోపలి నుంచి ఎల్లస్వామి వచ్చి పెట్టె అందుకోబోయాడు.

"నువ్వు ముట్టకు తమ్మీ," అన్నది, ఊపిరి అందాక. "బయట పెట్టినోళ్లే లోపల పెట్టాలె."

ఉప్పలయ్య పుల్ల ఉమ్మేశాడు. "నేను పెట్ట. నా పని తీసేటోడు నా ఇంట్ల ఎట్లుంటడు? నిన్న సాబు ముంగట ఏం జెప్పిండో అడుగు నీ తమ్ముణ్ని."

అడగాల్సిన పని లేదు. ఆ సంగతి నిన్న సాయంత్రమే పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లంతా తెలిసిపోయింది. మేనేజరు రాజేశ్వర్ రావు పత్తి షెడ్డు నడుమ నిలబడి, ఈ సీజను కాగానే తోలు పట్టాతో తిరుగుతూ దుమ్మును బయటికి లాగే పాత పంకాను పీకించి రెండు గోడలకూ మోటరు పంకాలే పెట్టిస్తానని చెప్పాడు. ఆ తర్వాత ఒక్కొక్కటిగా జిన్ను యంత్రాలకూ మోటర్లే వస్తాయన్నాడు. రెండు పంకాల్లో ఏది మేలని ఆయన అడిగింది మోటరు మేస్త్రి ఎల్లస్వామిని. మోటరుదే మేలని ఎల్లస్వామి అన్నాడు. ఆ మాట అన్నప్పుడు పట్టాల మేస్త్రి ఉప్పలయ్య గుగ్గిలం డబ్బా పట్టుకుని అక్కడే ఉన్నాడు.

"నేను పంకా గురించి చెప్పిన బావా. నీ కొలువు గురించి చెప్పలే."

"రెండు వేరేనా?" అన్నాడు ఉప్పలయ్య.

ఉప్పలయ్య తల్లి రాములవ్వ చేటలో బియ్యం ఏరుతూ గోడవారన కూర్చుని ఉంది. ఆమె చేతులు ఆగాయి.

"వాణ్ని సంకనేసుకొని ఈ ఇంటికి తెచ్చింది నువ్వే గద కొడుకా," అన్నది.

నిజమే. నర్సంపేట పక్క ఊళ్లో కలరా గత్తర వచ్చి మొగిలమ్మ తల్లీ తండ్రీ ఒకరి వెనక ఒకరు పోయినప్పుడు, నడక కూడా సరిగా రాని ఎల్లస్వామిని భుజాన మోసుకుని వచ్చింది ఉప్పలయ్య. ఎదిగాక డోర్నకల్ రైల్వే షెడ్డులో తెలిసిన మేస్త్రి దగ్గర పనికి పెట్టిందీ ఆయనే. మా బామ్మర్ది కరెంటు పని నేర్చిండని మిల్లులో అందరికీ చెప్పుకుని తిరిగిందీ ఆయనే. రెండో ప్రపంచ యుద్ధం ఆగాక మిల్లుకు మోటరు వస్తే, దాన్ని బిగించడానికి మా ఎల్లస్వామిని పిలవండని రాజేశ్వర్ రావుకు చెప్పింది కూడా ఆయనే.

మొగిలమ్మ పెట్టెను అలాగే వదిలేసింది. సగం లోపల, సగం బయట, అది గడప మీద ఉండిపోయింది. ముగ్గురూ ఒకే మిల్లుకు ముగ్గురుగా విడివిడిగా నడిచిపోయారు.

*

ఆ షెడ్డులో కూర్చున్న ఆడవాళ్లకు రెండు పంకాల తేడా ఎవరూ చెప్పనక్కరలేదు. వాళ్ల ముక్కులకే తెలుసు.

పడమటి గోడకున్నది పాతది. ఇంజను గది నుంచి వచ్చే పొడుగాటి ఇనుప షాఫ్టు షెడ్డు కప్పు కింద తిరుగుతుంటుంది. దాని మీది నుంచి తోలు పట్టాలు కిందికి దిగి జిన్ను యంత్రాలను తిప్పుతాయి. అలాంటి పట్టా ఒకటి పంకాను కూడా తిప్పుతుంది. పొద్దున మంచు చెమ్మకు పట్టా సాగి జారుతుంది. జారితే పంకా మందగిస్తుంది. అప్పుడు ఉప్పలయ్య నిచ్చెన ఎక్కి గుగ్గిలం పొడి చల్లి పట్టు తెప్పిస్తాడు. ఒక్కోసారి పట్టా పూర్తిగా ఊడిపోతుంది. తిరుగుతున్న చక్రం మీదికి దాన్ని మళ్లీ ఎక్కించేటప్పుడు అతని ఎడమచేతి చిటికెనవేలు ఎప్పుడో పోయింది. పంకా ఆగినంతసేపూ దూది నలుసు మంచులా పైనుంచి దిగుతూనే ఉంటుంది. జుట్టు మీద, కనురెప్పల మీద, గొంతులో.

తూర్పు గోడకున్నది కొత్తది. దానికి షాఫ్టూ లేదు, పట్టా లేదు. మోటరు ఇరుసుకే రెక్కలు బిగించి, మోటరునూ రెక్కలనూ కలిపి గోడ కంతలో కూర్చోబెట్టారు. స్విచ్చి వేస్తే చాలు. మంచనీ ఎండనీ చూడదు. పొద్దున ఎంత గాలి లాగుతుందో పొద్దుగూకే దాకా అంతే లాగుతుంది.

అందుకే ఆడవాళ్లంతా తూర్పు వైపు జిన్నుల కోసం పోటీ పడేవాళ్లు. దగ్గు ఎక్కువగా ఉన్నదని మొగిలమ్మకు వాళ్లే ఒక చోటు ఇచ్చారు. అక్కడికి మారాక ఆమె చాలా కాలానికి రాత్రులు పడుకుని నిద్రపోగలిగింది. అంతకు ముందు గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీసేది.

ఆ రోజు పని మొదలయ్యాక ఉప్పలయ్య ఆమె దగ్గరికి వచ్చాడు. ఇంట్లో మాట్లాడనివాడు ఇక్కడ మాట్లాడాడు.

"పడమటి దిక్కు రా. ఈ పంకా కింద కూసోకు."

"ఎందుకు?"

"దూదంతా ఆ మోటరు లోపల్నుంచే పోతాంది. కాగుతాంది అది. వాసనొస్తాంది."

మొగిలమ్మ చేతిలోని పత్తిని జిన్నుకు అందిస్తూనే ఉంది. "నీకు వాసనొస్తాంది. నాకు గాలొస్తాంది," అన్నది.

ఉప్పలయ్య తన నిచ్చెన వైపు వెళ్లిపోయాడు. పక్క జిన్ను దగ్గరున్న లింగమ్మ, మేస్త్రికి కడుపుమంట తగ్గలేదని నవ్వింది. మొగిలమ్మ నవ్వలేదు. కానీ తానూ అదే అనుకున్నది.

*

మధ్యాహ్నం అన్నాల వేళ జిన్నులూ పంకాలూ ఆగాయి. అందరూ బయటికి పోయారు. మొగిలమ్మ సద్ది మూట విప్పకుండా కూర్చున్నది. షెడ్డు ఖాళీ అయిందనుకుని ఎల్లస్వామి నిచ్చెన వేసుకుని మోటరు పంకా దగ్గరికి ఎక్కాడు. మోటరు కంతల్లోంచి చేతి వేళ్లతో దూది పీకసాగాడు. చిన్న చిన్న ఉండలు. కొన్ని తెల్లగా, కొన్ని గోధుమరంగుకు తిరిగి. ఒకసారి అరచెయ్యి మోటరు వీపు మీద ఆనించి చటుక్కున తీసుకున్నాడు.

కిందికి దిగి చూస్తే అక్క నిలబడి ఉంది.

"రోజూ పీకుతవా?" అని అడిగింది.

"ఆ."

"మీ బావ చెప్పింది నిజమేనా? కాగుతాందా?"

ఎల్లస్వామి ద్వారం వైపు చూశాడు. తర్వాత అక్క పక్కన దూది కుప్ప మీద కూర్చుని, నేల చూస్తూ మెల్లగా చెప్పాడు. ఈ మోటరు మిలిటరీ సామాను వేలంలో వచ్చింది. దుమ్ము లేని చోట తిరగడానికి చేసింది. దీని ఒళ్లంతా గాలి కంతలే. దూది షెడ్డుకు నాలుగు దిక్కులా మూసిన మోటరు కావాలి. అది బొంబాయిలో కూడా ఇప్పట్లో దొరకదట. ఈ సంగతి రాజేశ్వర్ రావుకు మొదటి వారమే చెప్పాడు. ఆయన విని, సీజను దాటనియ్యి, తర్వాత చూద్దామన్నాడు. రోజూ మధ్యాహ్నం ఆపి దూది తీస్తే ఫికర్ లేదు.

"మరి నిన్న అందరి ముంగట మోటరుదే మంచిదని ఎట్ల చెప్పినవురా?"

"మంచిదే అక్కా. పట్టా పంకకు ఇంజను బలం సగం షాఫ్టులనే పోతది. ఊడుతది, జారుతది, వేళ్లు తీస్కపోతది. గని దాని చక్రం దుమ్ముల ఉన్నా దానికేం గాదు. ఇది గాలి మంచిగ లాగుతది, గని దీని పానం దుమ్ములనే ఉన్నది. రెండు మాటలు చెప్పాల్నంటె సాబు ఒక్కటే అడిగిండు."

మొగిలమ్మ అరచెయ్యి చూపించమన్నది. ఎర్రగా కందిపోయి ఉంది.

"మీ బావకు చెప్పు ఈ మాట."

"బావకు చెప్తె మిల్లంత ఎర్కైతది, ఇగ నా మాట సాబు కాడ ఏం నిలబడ్తది? మోటరు తీసేస్తరు. నువ్వు మళ్ల పడమటి గోడకు పోతవు. రాత్రి నువ్వు దగ్గుతాంటె ఇంట్ల పండుకునేటోణ్ని నేను. నాకు తెల్వదా?"

మొగిలమ్మ లేచి తన జిన్ను దగ్గరికి పోయింది. సాయంత్రం ఇంటికి పోయాక భర్తకు అన్నం పెట్టింది. అతను కంచంలోనే చూస్తూ తిన్నాడు. ఆమె మోటరు మాట ఎత్తబోయి ఆగింది. చెబితే తమ్ముడి మాట పోతుంది, తన ఊపిరీ పోతుంది. ఈ రెండింటిలో ఏది తన నోరు మూసిందో ఆమెకే తెలియలేదు. పెట్టెను మాత్రం రాములవ్వ లోపలికి జరిపింది. ఎవరూ వద్దనలేదు.

*

ఆ వారం చివర నర్సంపేట నుంచి పత్తి బండ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి మిల్లు వాకిలి నిండిపోయింది. అన్నాల వేళ కూడా యంత్రాలు ఆపొద్దని రాజేశ్వర్ రావు చెప్పాడు. మనుషులు వంతులవారీగా తిని రావాలి. పంకా ఆపి దూది తీస్తానని ఎల్లస్వామి వెళ్లి అడిగాడు. ఈ ఒక్క రోజుకు ఏం కాదని ఆయన పంపించేశాడు.

పొద్దు వాలే వేళకు ఉప్పలయ్య షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తడం మొగిలమ్మ చూసింది. ఏమైందో తెలిసే లోపలే అతను తూర్పు గోడ దగ్గరి స్విచ్చి లాగేశాడు. రెక్కలు తడబడి ఆగాయి. మోటరు కంతల్లోంచి సన్నని పొగ. దానితో పాటు పిడికెడు దూది ముద్ద నిప్పు అంటుకుని కింద కుప్ప మీద పడింది. ఉప్పలయ్య దాన్ని చెప్పులు లేని కాళ్లతోనే తొక్కాడు. చుట్టుపక్కల దూదిని చేతులతో దూరంగా తోశాడు. మొగిలమ్మ దగ్గరున్న తడి గోనెసంచి విసిరింది. అతను దాన్ని కప్పి దాని మీద నిలబడ్డాడు.

ఒక్క నిమిషం ఆలస్యమైతే ఆ షెడ్డులో ఎవరూ మిగిలేవాళ్లు కారు. కానీ దూది నలుసు అంత దట్టంగా ఉన్నప్పుడు మొగిలమ్మకు తప్ప మిగతావాళ్లకు పొగ కనబడలేదు. పట్టాల మేస్త్రి పరుగెత్తి మోటరు ఆపడం ఒక్కటే కనబడింది.

రాజేశ్వర్ రావు వచ్చేసరికి గోనె కింద కాలిన మచ్చ తప్ప ఏమీ లేదు. ఆయన మచ్చను చూశాడు, ఉప్పలయ్యను చూశాడు.

"బీడీ తాగినవా?"

"లేదు సాబ్. మోటరు అంటుకున్నది."

"మోటరు మీద నీకు మొదటి సందే కోపమున్నది. అందరికెర్కే." ఆయన వెనక్కి తిరిగాడు. "ఎల్లస్వామీ, నువ్వు చెప్పు. మోటరుల ఏమన్న ఐబు, ఖరాబు ఉండెనా?"

ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. ఇంజను కూడా ఆపేశారు. ఎల్లస్వామి మోటరు వైపు చూశాడు, మేనేజరు వైపు చూశాడు. మోటరు సంగతి తనకు ముందే తెలుసని రాజేశ్వర్ రావు ముఖంలో ఎక్కడా లేదు. నువ్వు కూడా మరచిపొమ్మన్నట్టే ఉన్నాయి ఆ కళ్లు. ఔనంటే, ఇది మేలని చెప్పినవాడు తానే. నిప్పు తన మెడకే చుట్టుకుంటుంది.

"మోటరు బాగనే ఉండె సాబ్," అన్నాడు. పక్కనున్నవాళ్లకు కూడా సరిగా వినబడనంత మెల్లగా.

ఉప్పలయ్య కాలిన పాదాన్ని గోనె మీద ఆనించలేక, ఆ కాలు కొంచెం పైకెత్తి నిలబడ్డాడు. బామ్మర్ది వైపు ఒక్కసారి చూశాడు. చిన్నప్పుడు తన భుజం మీద నిద్రపోయిన పిల్లవాడి ముఖం కోసం వెతికినట్టు చూశాడు.

రేపటి నుంచి పనికి రావద్దని రాజేశ్వర్ రావు ఉప్పలయ్యకు చెబుతుండగా మొగిలమ్మ ముందుకు వచ్చింది.

"నా తమ్మునికెర్కే సాబ్, మోటరు కాగుతాందని. రోజు దూది పీకేటోడు. అరచెయ్యి కాలింది. నాకు చూపిచ్చిండు." ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. "మీకు సుత మొదటి వారమే చెప్పిన అన్నడు."

ఎల్లస్వామి తల ఎత్తి అక్కను చూశాడు. అరచెయ్యి మూసుకున్నాడు.

అందరి ముందూ అంత మాట వచ్చాక రాజేశ్వర్ రావు చేసింది ఒక్కటే. మోటరును ఆ క్షణమే దింపించాడు. ఎల్లస్వామిని ఆ క్షణమే పొమ్మన్నాడు. ఉప్పలయ్యకు, నీ పట్టాలు నువ్వు చూసుకో అని ఒక మాట చెప్పి తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఎల్లస్వామి ఇంటికి రాలేదు. మిల్లు నుంచి సరాసరి స్టేషనుకు పోయి డోర్నకల్ బండి ఎక్కాడని మర్నాడు తెలిసింది. రాములవ్వ ఆ రోజు పొయ్యి ముట్టించలేదు.

*

తూర్పు గోడ కంతకు రేకు కొట్టారు. షెడ్డంతటికీ ఒక్క పట్టా పంకాయే మిగిలింది. మంచు రోజులు కావడంతో అది పొద్దున పూట తిరిగేదానికన్నా ఆగేదే ఎక్కువైంది.

ఆడవాళ్లు కొంగులు ముక్కుకు కట్టుకుని పని చేశారు. మొగిలమ్మతో ఎవరూ మాట్లాడలేదు. మొగని కొలువు కోసం తోడబుట్టినవాణ్ని సాగనంపిందని, తమ గాలి కూడా తీసేసిందని లింగమ్మ ఆమెకు వినబడేట్టే అన్నది. వాళ్ల ప్రాణాలు కాపాడింది ఆ మొగడేనన్న మాట ఎవరికీ గుర్తు రాలేదు. మొగిలమ్మ కూడా గుర్తు చేయలేదు.

మళ్లీ కూర్చునే నిద్ర మొదలైంది. ఉప్పలయ్య ఆమెను దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, దుమ్ముకు దూరంగా ఉంచమన్నాడు. మందు కన్నా అదే ముఖ్యమన్నాడు.

"రేపటి సంది మిల్లుకు రాకు," అన్నాడు ఉప్పలయ్య దారిలో.

"నేను రాకుంటె ఆ జిన్ను కాడ ఇంకొకామె కూసుంటది. ఆమె పీల్చేది దూది గాదా?" అన్నది మొగిలమ్మ. కాస్త దూరం నడిచాక మళ్లీ అన్నది, "ఇద్దరు మేస్త్రీలున్నరు నా ఇంట్ల. ఒగలు గాలి ఇచ్చి నిప్పు పెట్టిన్రు. ఒగలు నిప్పు ఆర్పి గాలి తీసిన్రు."

ఉప్పలయ్య కుంటుకుంటూ ఆమె పక్కన నడిచాడు.

తర్వాతి రోజుల్లో అతను పని మధ్యలో తూర్పు గోడ దగ్గర నిలబడిపోవడం అందరూ చూశారు. రేకు పక్కకు జరిపి కంతలోంచి బయటికి చూసేవాడు. గోడ అవతల ఖాళీ జాగా, మీద ఒక చిన్న చూరు. రెక్కలు లోపల ఉండాలి, మోటరు ఆ చూరు కింద బయట ఉండాలి, రెండింటికీ నడుమ ఒక పొట్టి పట్టా. దుమ్ము మోటరును ముట్టదు. అంత పొట్టి పట్టా షాఫ్టు పట్టాలా సాగి జారదు. కానీ ఇది కుదురుతుందో లేదో అతనికి తెలియదు. మోటరు లోపల కాలిన రాగి తీగను మళ్లీ చుట్టడం, మోటరు వేగానికి తగ్గ చక్రాలు ఎంచడం అతని చేతిలో లేని పని. అది వచ్చినవాడు డోర్నకల్‌లో ఉన్నాడు.

ఒక రోజు వెళ్లి రాజేశ్వర్ రావుకు చెప్పాడు. ఆయన వెంటనే కొట్టిపారేయలేదు. ఆ రోజు షెడ్డు కాలిపోయి ఉంటే తన మీదికి ఏం వచ్చేదో ఆయన కూడా ఆలోచించుకున్నట్టున్నాడు. ఎల్లస్వామిని మళ్లీ తీసుకోవడానికి కూడా ఒప్పుకున్నాడు. కానీ ఒక మాట అన్నాడు.

"మోటరు వానికి వస్తది. పట్టా ఎక్కించుడు వాడు నేర్చుకుంటడు. నీకు మోటరు రాదు. ఇద్దరు మేస్త్రీలను నేను ఉంచ. వాడొస్తే నువ్వు పోవాలె. ఆలోచించుకో."

ఉప్పలయ్య గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. తీసుకొస్తానన్నాడు.

ఇంటికి వచ్చి మొగిలమ్మకు సగమే చెప్పాడు. మోటరు బయట పెట్టడానికి సాబు ఒప్పుకున్నాడని, ఎల్లస్వామిని పిలవమన్నాడని. రెండో సగం మింగేశాడు. వాడికి నా ముఖం ఎట్లా చూపాలన్నది మొగిలమ్మ. నేనూ వస్తానన్నాడు ఉప్పలయ్య. తెల్లవారి బండికే ఇద్దరూ బయలుదేరారు.

*

డోర్నకల్ స్టేషనులో దిగాక ఉప్పలయ్య ప్లాట్‌ఫారం మీదే ఆగిపోయాడు. ముందు నువ్వు పోయి మాట్లాడు, నన్ను చూస్తే వాడు తలుపు కూడా తీయడన్నాడు. మొగిలమ్మ ఒక్కతే రైలు పట్టాలు దాటి, ఇంజన్ల షెడ్డు వెనక ఉన్న రైల్వే ఇళ్ల వరుసలో అడుగుతూ వెళ్లింది. ఎల్లస్వామి తనకు పని నేర్పిన పాత మేస్త్రి ఇంట్లో ఉంటున్నాడు.

మేస్త్రి భార్య తలుపు తీసి, ఎవరు కావాలమ్మా అని అడిగి లోపలికి కేక వేసింది. ఎల్లస్వామి వచ్చాడు. గడ్డం పెరిగింది. అక్కను చూసి గడప లోపలే ఆగాడు.

"ఎవరు బిడ్డా?" అని అడిగింది ముసలామె.

"వరంగల్ మిల్లుల పని జేసే ఆమె," అన్నాడు ఎల్లస్వామి.

మొగిలమ్మ తల ఊపింది.

"ఔనమ్మా. మిల్లుల పని జేస్త. మోటరు మేస్త్రితోని ఒక మాట చెప్పి పోత."

ముసలామె నీళ్లు తెస్తానని లోపలికి పోయింది. తమ్ముడు అక్క అనలేదు గనుక మొగిలమ్మ మిల్లు కూలీగానే మాట్లాడింది. షెడ్డులో ఇప్పుడు ఎలా ఉందో చెప్పింది. ఎవరెవరికి దగ్గు పట్టిందో, ఎవరు పని మానేసి ఊరికి పోయారో చెప్పింది. మోటరు గోడ బయట, రెక్కలు లోపల అని చేతులతో చూపించింది. నన్ను క్షమించమని మాత్రం అనలేదు. ఆ రోజు షెడ్డులో తాను అన్నది నిజమే గనుక ఆ మాట ఆమె నోటికి రాలేదు. చెబుతూ చెబుతూ దగ్గు తెర వచ్చి గోడ పట్టుకుంది.

ముసలామె తెచ్చిన చెంబును ఎల్లస్వామి తానే అందుకుని అక్క వైపు చాచాడు. చాచిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

మొగిలమ్మ వెనక్కి చూసింది. స్టేషనులో ఉంటానన్న మనిషి కుంటుకుంటూ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. పాదం ఇంకా మానలేదు. తువ్వాలు భుజం మీది నుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

దూరంగా ఏదో ఇంజను ఆవిరి వదిలింది.

"మోటరు గోడకు ఎంత దూరముండాలె ఎల్లస్వామీ?" అని అడిగాడు ఉప్పలయ్య. పెట్టె బయట పెట్టిన ఆ పొద్దు తర్వాత అతను బామ్మర్దితో అన్న మొదటి మాట అది.

ఎల్లస్వామి చెంబు అక్క చేతిలో పెట్టాడు. ఎవరి వైపూ చూడకుండా అన్నాడు. "దూరం లెక్క కట్టొచ్చు. పట్టా పొట్టిదైనా ఒక్కొక్కనాడు ఊడుతది. తిరిగే చక్రానికి ఎక్కియ్యాల్నంటె చెయ్యి తిరిగినోడు కావాలె. ఎవలు ఎక్కిస్తరు?"

"నువ్వే. రెండు దినాలు పక్కన నిలబడి నేర్పి పోత."

మొగిలమ్మ తాగబోయిన నీళ్లు దించింది. భర్త ముఖంలోకి చూసింది. అతను చూపు తప్పించాడు.

"పోత అంటె?" అన్నది.

ఉప్పలయ్య తువ్వాలు మడత పెడుతూ ఉండిపోయాడు.

ఎల్లస్వామి గడప దాటి బయటికి వచ్చాడు.

"సాబు ఏం జెప్పిండు బావా?" అని అడిగాడు.